ఎలుక మెదడు ఎల్లలు: చెడిన చిత్రములను యంత్రము చదువు విధము



పండిన చేలలో కంకులను కొఱికి కలుగులోనికి చేరవేయు ఎలుకకును, మనుష్యునికి వచ్చు పక్షవాతమునకును సంబంధమేమని యడిగినచో మొదట నవ్వు వచ్చును. కాని మెదడు వ్యాధుల కొఱకు వెదకబడుచున్న మందులలో పెక్కింటికి తొలి పరీక్ష జరుగునది ఎలుక శరీరముననే. పక్షవాతమును గుఱించి పరిశోధించువారు మత్తులో నున్న ఎలుక మెదడునందలి యొక రక్తనాళమును కొంతసేపు మూసి, పిమ్మట మందునిచ్చి, చెడిన భాగమెంత, మిగిలిన భాగమెంత యని కొలుతురు. ఈ కొలత సరిగా లేనిచో మంచి మందు మూలబడును. పనికిమాలిన మందు మనుష్యుల దాక వచ్చును. రెండు విధములను ఆ మూగజీవి పడిన బాధ వ్యర్థమే. ఈ ప్రసంగమునకు విషయము ఆ కొలత. అందును ముఖ్యముగా, చిత్రము చెడి వచ్చినప్పుడు యంత్రము ఆ కొలతను ఎట్లు చేయును, ఎంతవరకు చేయగలదు అను ప్రశ్న.

పూర్వము ఈ కొలతకు ఒకటే మార్గముండెను. ఎలుకను చంపి, మెదడును తీసి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది చూడవలెను. మొదటి దినమున మెదడెట్లున్నదో తెలియవలెనన్న కొన్ని ఎలుకలు, వారము గడచిన పిమ్మట ఎట్లున్నదో తెలియవలెనన్న మఱికొన్ని, నెలనాటి సంగతికి వేఱుగా ఇంకను కొన్ని కావలెను. ఒకసారి చూచిన దానిని మరల చూచుట యనునది లేదు.

ఈ దుఃస్థితిని మార్చినది అయస్కాంత చిత్రణము. ఎం.ఆర్.ఐ. తీయించుకొన్నవారు నేడు పల్లెలలోను గలరు. ఆ సొరంగము వంటి గొట్టమును, అందులోని టకటక చప్పుడును వారెఱుగుదురు. ప్రాణి శరీరములో అధికభాగము నీరు. ఆ నీటిలోని ఉదజని పరమాణువుల కేంద్రములు చిన్న చిన్న అయస్కాంతముల వలె ప్రవర్తించును. బలమైన అయస్కాంతములో నుంచి రేడియో తరంగమును తాకించినచో అవి కదలి, మరల తమ స్థితికి వచ్చుచు, సన్నని సంకేతమును వెలువరించును. ఆ సంకేతము ఏ చోటినుండి వచ్చినదో కనుగొని దానిని చిత్రముగా మలచు ఉపాయమును 1973లో అమెరికాలో పాల్ లాటర్బర్ ప్రకటించెను. ఆయన చూపిన మొదటి చిత్రము రెండు సన్నని గొట్టములలోని నీరు మాత్రమే. ఇంగ్లండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ విద్యను ఇంకను ముందునకు నడపెను. వీరిరువురకు 2003లో నోబెల్ బహుమానము లభించెను. ఇందులో కత్తి లేదు, ఎక్స్ కిరణములు లేవు. అందుచేత అదే ఎలుకను నేడును, వారమునకును, నెలకును చూడవచ్చును. ముప్పది ఎలుకలు కావలసిన చోట పదితో పని జరుగవచ్చును.

సంఖ్య తగ్గుట యనునది చిన్న విషయము గాదు. 1959లో ఇంగ్లండునందు రస్సెల్, బర్చ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రాణులపై ప్రయోగములు చేయువారికి మూడు నియమములను చెప్పిరి: ప్రాణి లేకయే పని జరుగునేమో చూడుడు, తప్పనిచో తక్కువ ప్రాణులతో జరుపుడు, ఆ తక్కువకును బాధను తగ్గింపుడు. మన దేశములో రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభయందు ప్రవేశపెట్టిన బిల్లు ఈ విషయమును దేశము ముందుంచెను. తరువాత 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. ప్రయోగముల కొఱకు ఆ చట్టములో ఒక అధ్యాయమే గలదు. చిన్న జంతువులతో అదే ఫలితము వచ్చునప్పుడు పెద్ద జంతువుల జోలికి పోరాదని అందులో నున్నది. దయతో వ్రాసిన మాటయే గాని, ఆ భారము చివరకు ఎలుకల నెత్తిననే పడినది.

ఇక అసలు చిక్కునకు వచ్చునది. మనుష్యుని మెదడు ఇంచుమించు 1,300 లేక 1,400 గ్రాములుండును. ఎలుక మెదడు 2 గ్రాములు. చుంచెలుక మెదడు అర గ్రామునకు లోపు. మనుష్యుని చిత్రములో ఒక్కొక్క గడి మిల్లీమీటరు పొడవు, వెడల్పు, లోతు గలదై యుండిన చాలును. చుంచెలుకకు గడి అందులో పదవవంతు ఉండవలెను. పొడవు పదవవంతైనచో ఘనము వెయ్యవవంతు. అందులోని నీరు వెయ్యవవంతు, వచ్చు సంకేతము వెయ్యవవంతు. సంతలో మాటాడు మనిషి గొంతునకు బదులు గుసగుసను వినవలసి వచ్చినట్లు.

గుసగుసను వినుటకు మూడు ఉపాయములు చేసిరి. ఒక్కొక్క ఉపాయము ఒక్కొక్క దోషమును వెంటబెట్టుకొని వచ్చెను. చిత్రములో లేనిది ఉన్నట్లును, ఉన్నది లేనట్లును కనబడుట కలదు గనుక దీనిని ఛాయాదోషమని పిలుచుట తగియుండును.

మొదటి ఉపాయము, సంకేతమును పట్టు తీగచుట్టను ఎలుక తలకు ఆనించి యుంచుట. చుట్టకు దగ్గరనున్న పైభాగము తెల్లగా వెలుగును, దూరముననున్న అడుగుభాగము మసకబాఱును. గుడ్డి దీపమును గోడకు ఆనించి పెట్టినచో గోడ యంతయు ఒకే రంగుదైనను ఒకచోట తెలుపు, ఒకచోట నలుపు కనబడునట్లు. తెలుపు నలుపులను బట్టి మెదడును గుర్తింపబోవు యంత్రమునకు ఇది మొదటి మోసము.

రెండవ ఉపాయము అయస్కాంతమును బలపఱచుట. ఆసుపత్రులలో సామాన్యముగా 1.5 గాని 3 గాని టెస్లాల బలము గలవి వాడుదురు. ఎలుకలకు 7 టెస్లాలు, 9.4 టెస్లాలు, అంతకు మించినవియు గలవు. ఏడు టెస్లాలనగా భూమి యయస్కాంత బలమునకు లక్ష రెట్లకు పైమాట. ఇంత బలములో గాలియు మాంసమును కలిసికొను చోట్ల అయస్కాంత క్షేత్రము వంకరపోవును. ఎలుక చెవి లోపల ఎముక గుల్లలలో గాలి నిండి యుండును. ఆ గుల్లలకు ప్రక్కనే మెదడు. కొన్ని రకముల చిత్రములలో అచ్చట మెదడు ప్రక్కకు లాగబడి కనుపించును, కొన్నిటిలో నల్లని గుంటయే మిగులును. తలలో లోహపు తీగను అమర్చిన ఎలుకలైనచో ఆ గుంట ఇంకను పెద్దది.

మూడవది ఎక్కువ సేపు వినుట. దీనివలన వచ్చు దోషము అన్నింటికంటె విచిత్రమైనది. ఎలుకకు మత్తుగాలి నిచ్చి, పండ్లను ఒక కడ్డీకి తగిలించి, తలను రెండువైపుల బిగించి, చలి తగులకుండ వెచ్చని పడకపై నుంచుదురు. అయినను ఊపిరి ఆగదు గదా. ఫోటో వలె ఈ చిత్రము ఒక్కసారిగా పడునది గాదు. వరుస తరువాత వరుసగా సేకరింపబడునది. మగ్గము మీద ఒక పేక పోగు తప్పినచో వస్త్రములో ఆ చోటనే తప్పు కనబడును. ఇచ్చట అట్లు గాదు. సేకరించిన ప్రతి వరుసయు చిత్రమంతటను వ్యాపించి యుండును. కాబట్టి ఒక వరుస సేకరించునప్పుడు తల కదలినచో దాని ఫలితము చిత్రము పొడవునను చారలుగా, మసకగా, మెదడు అంచునకు నీడలుగా పరచుకొనును. పుఱ్ఱె వెలుపల రెండవ అంచు, దానికావల మూడవ అంచు కనుపించును. పరిశోధకులు వీనికి దయ్యములని పేరు పెట్టిరి. శాస్త్రజ్ఞులకును దయ్యములు తప్పలేదన్నమాట.

ఇట్టి చిత్రములో మెదడునకు హద్దు గీయవలెను. మెదడేది, పుఱ్ఱె యేది, దవడ కండరమేది యని ముందు వేఱుపఱచి, తరువాత మెదడులోని భాగములకు హద్దులు వేయుట. చేతితో చేసినచో నిపుణుడు తెఱ ముందు కూర్చుండి పొర తరువాత పొరగా గీతలు గీయును. ఒక ఎలుకకు గంటలు పట్టును. పొలము గట్టు కొలుచుటకు ఇద్దరు సర్వేయర్లను పంపినచో రెండు లెక్కలు వచ్చుట పల్లెవారికి క్రొత్త గాదు. ఇచ్చటను అంతే. ఇద్దరు నిపుణుల గీతలు కలియవు. ఉదయము గీసిన గీతకును, సాయంకాలము అలసట మీద గీసిన గీతకును గూడ తేడా యుండును. వందల చిత్రములున్నచో పని సాగనే సాగదు.

అందుచేత గణనయంత్రమునకు అప్పగింప జూచిరి. మనుష్యుల మెదడు కొఱకు 2002లో ఆక్స్‌ఫర్డునందు స్టీఫెన్ స్మిత్ ప్రకటించిన విధానము చాల ప్రసిద్ధి పొందెను. చిత్రము నడుమ ఒక చిన్న గోళమును పెట్టి, బుడగ వలె ఊదుచు, మెదడు అంచు తగులువఱకు పెంచుట అందలి కిటుకు. మనుష్యుని మెదడు ఇంచుమించు గుండ్రన గనుక ఇది చక్కగా నడచెను. ఎలుక మెదడో పొడవుగా, బల్లపరుపుగా నుండును. ముందు వైపున వాసనను గ్రహించు పిండములు ముక్కులోనికి చొచ్చుకొని పోవును. పైగా మనుష్యుని తలలో మెదడే ప్రధానము, ఎలుక తలలో దవడ కండరములే ప్రధానము. బుడగ ఒకచోట మెదడును విడిచిపెట్టును, ఇంకొకచోట కండరములోనికి పొంగును. తరువాత ఎలుకల కొఱకే ప్రత్యేకముగా కొన్ని విధానములు వచ్చినవి.

మఱియొక మార్గము పటమును వాడుట. టొరాంటోలో 2008లో నలుబది చుంచెలుకల మెదళ్ల చిత్రములను కలిపి, సగటు మెదడును నిర్మించి, అందు 62 భాగములను గుర్తించి ప్రకటించిరి. ఇట్టి పటమును క్రొత్త ఎలుక చిత్రముపై పఱచి, సాగదీసి, కుదించి, సరిపోల్చుదురు. ఆరోగ్యముగా నున్న ఎలుకకు ఇది మంచి మార్గమే. పక్షవాతము వచ్చి మెదడు ఒకవైపు ఉబ్బిన ఎలుకకు, దానిపైని చారలు పడిన చిత్రమునకు, ఆరోగ్యవంతుల సగటు పటము ఎంతవరకు కుదురును?

2015లో జర్మనీలోని ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయమునుండి రానెబెర్గర్, ఫిషర్, బ్రాక్స్ అను మువ్వురు ఒక క్రొత్త పద్ధతిని తెచ్చిరి. దాని నిర్మాణము ఆంగ్లాక్షరము 'యు' వలె నుండుటచే 'యు-నెట్' అని పేరు. ఇందులో యంత్రమునకు నియమములు చెప్పరు, ఉదాహరణములు చూపుదురు. చిత్రమును, దానిపై నిపుణుడు గీసిన హద్దును ప్రక్కప్రక్కన పెట్టి, యంత్రము గీసిన గీతలోని తప్పును కొలిచి, ఆ తప్పు తగ్గునట్లు లోపలి లెక్కలను దిద్దుచు పోవుదురు. ఒక కొమ్మున క్రిందికి దిగుచు యంత్రము చిత్రమును కుదించి సమగ్ర రూపమును చూచును; రెండవ కొమ్మున పైకెక్కుచు, దిగునప్పుడు దాచుకొన్న సూక్ష్మ వివరములను కలుపుకొని అంచును గీయును. ఊరి చెఱువు కట్టపై నిలిచి పొలము ఎచ్చట నున్నదో ముందు చూచుకొని, పిదప దిగివచ్చి గట్టును వెదకిన రైతు పని వంటిది.

ఫిన్లండు దేశములోని కుయోపియో నగర పరిశోధకులు, ఇతరులు కలిసి ఈ పద్ధతిని చుంచెలుకలకు అన్వయించి 2021లో ఫలితములను ప్రకటించిరి. 128 చిత్రములతో నేర్పి, ఆరోగ్యముగా నున్నవియు, హంటింగ్టన్ వ్యాధి గలవియు నైన చుంచెలుకల 1,782 చిత్రములపై పరీక్షించిరి. మెదడు హద్దు విషయములో వచ్చిన మార్కు 1కి 0.978.

ఆ మార్కు ఎట్లు వేయుదురో చెప్పుట అవసరము. యంత్రము గీసిన ప్రదేశమును, నిపుణుడు గీసిన ప్రదేశమును ఒకదానిపై నొకటి పెట్టి, రెండింటికి ఉమ్మడిగా నున్న భాగమును రెట్టించి, రెండు ప్రదేశముల మొత్తముచేత భాగింతురు. పూర్తిగా కలిసినచో 1, ఏమియు కలియనిచో సున్న. ఈ లెక్కను 1945లో చెప్పిన లీ డైస్ అను ఆయన వైద్యుడు గాడు, యంత్రజ్ఞుడును గాడు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయమునందు అడవి ఎలుకల జీవనమును పరిశీలించిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు. రెండు జాతుల ప్రాణులు ఎంత తఱచుగా ఒకే చోట కనబడునో తెలియుటకు ఆయన కట్టిన లెక్క, ముప్పాతిక శతాబ్ది గడచిన పిమ్మట ఎలుక తలలోని హద్దునకు కొలబద్ద యైనది.

కొలబద్ద మంచిదే గాని దానిని గ్రుడ్డిగా నమ్మరాదు. మెదడును నూఱు పాళ్లుగా భావించి, యంత్రము అందులో నాలుగు పాళ్లను విడిచిపెట్టి తక్కిన తొంబదియాఱింటిని సరిగా గీసినదనుకొందురు గాక. ఉమ్మడి భాగము 96, రెట్టించిన 192, మొత్తము 196. భాగించినచో ఇంచుమించు 0.98. మార్కు చూచినవారు సంతోషింతురు. కాని విడిచిన ఆ నాలుగు పాళ్లును ఒకే చోట, చెవి గుల్ల ప్రక్కన, నల్లని గుంట పడిన చోటనే యున్నచో? పక్షవాతము వలన చెడిన భాగములో కొంత అచ్చటనే యున్నచో? ఒకటి రెండు చోట్ల జరుగు పెద్ద తప్పును ఈ లెక్క సగటులో కలిపి మఱుగుపఱచును. అందుచేత రెండు అంచుల మధ్య ఎచ్చట అత్యధిక దూరమున్నదో చూపు ఇంకొక కొలతను గూడ వాడుదురు.

మంచి చిత్రములను మాత్రమే చూచి నేర్చుకొన్న యంత్రమునకు చెడిన చిత్రమునిచ్చినచో అది తెలియదని చెప్పదు. మంచి చిత్రముపై ఎంత ధైర్యముగా గీయునో దీనిపైనను అంతే ధైర్యముగా గీయును. దయ్యపు అంచును నిజమైన అంచనుకొనును. నల్లని గుంటను మెదడు కాదని త్రోసివేయును. దీనికి కనుగొన్న ఉపాయము చమత్కారమైనది. హద్దు తెలిసిన మంచి చిత్రమును తీసికొని, తల కదలినచో ఎట్లు చెడునో లెక్కగట్టి, బుద్ధిపూర్వకముగా దానిని చెఱుపుదురు. ఒకదానికి చారలు, ఒకదానికి వెలుగు మసకల తేడా, ఒకదానికి గుంట. చెఱిపిన చిత్రమునకు పాత హద్దునే సరియైన జవాబుగా చూపుదురు. వేల రకములుగా చెఱిపి చూపగా చూపగా, చారలను లెక్కచేయక అంచును పట్టుకొనుట యంత్రమునకు అలవడును. మనుష్యుల చిత్రముల కొఱకు 2023లో ప్రకటింపబడిన 'సింత్‌సెగ్' అను పద్ధతి ఇంకొక అడుగు వేసినది. అందు నిజమైన చిత్రములను గూడ చూపలేదు. హద్దుల పటములనుండియే తెలుపు నలుపులను ఇష్టము వచ్చినట్లు మార్చుచు కల్పించిన చిత్రములతోనే నేర్పిరి. వెలుగు మసకల తేడానైతే ముందే సరిచేయు లెక్కలు 1998 నుండియు గలవు. 2010లో వాటిని మెఱుగుపఱచిరి.

ఇచ్చట ఒక భేదమును స్పష్టముగా చెప్పవలెను. ఇది మఱచిన పరిశోధన పక్కదారి పట్టును. చోటు తప్పిన సంకేతము వేఱు, పోయిన సంకేతము వేఱు. వరదలో గట్టుఱాయి ప్రక్కకు కొట్టుకొనిపోయినచో వెదకి తెచ్చి మరల నాటవచ్చును. వంగిన చిత్రమును సరిచేయుట అట్టిది. కాని నల్లని గుంటలో సంకేతమే లేదు. అచ్చట యంత్రము గీయు అంచు, ఎలుక మెదళ్లు సామాన్యముగా ఎట్లుండునో తెలిసి చేసిన ఊహ. మెదడు మొత్తము ఘనమును కట్టుటకు ఆ ఊహ చాలును. ఆ గుంటలోని మెదడు చెడినదా, బాగున్నదా అను ప్రశ్నకు మాత్రము ఏ ఊహయు చాలదు. మునిగిన పొలమునకు హద్దు చెప్పవచ్చును గాని, అందులోని పైరు బ్రదికియున్నదో లేదో హద్దును చూచి చెప్పుట సాధ్యమా?

ఇంత శ్రమ యెందులకు, చెడిన చిత్రములను పారవేసిన పోదా యని అడుగువారు గలరు. పారవేసినచో ఆ ఎలుక పడిన బాధ వృథా. దానికి బదులు ఇంకొక ఎలుక కావలెను. అంతకంటె లోతైన కారణము ఇంకొకటి గలదు. చిత్రములు గాలివాటముగా చెడవు. జబ్బు ముదిరిన ఎలుక ఊపిరి క్రమము తప్పును; అది మత్తుకు సరిగా లొంగదు. కాబట్టి ఎక్కువగా చెడునవి ఎక్కువ జబ్బు గలవాని చిత్రములే. ఒక ఉదాహరణము ఊహించిన తెలియును. మందిచ్చిన ఎలుకలు పది, ఇవ్వనివి పది. మందులేని పదింటిలో మిక్కిలి దెబ్బతిన్న మూడింటి చిత్రములు చెడినవని తీసివేసిరి. మిగిలిన యేడును తేలికగా జబ్బుపడినవి. ఇప్పుడు సగటు చూచినచో మందు లేకున్నను ఎలుకలు బాగుగానే యున్నవన్నట్లు లెక్క తేలును. నిజముగా పనిచేసిన మందు పనిచేయలేదని పేరు పడును. పోనీ, చెడినదానిని అట్లే ఉంచి లెక్కగట్టిన? అదియు మోసమే. తల కదలికవలన మెదడులోని బూడిదరంగు పదార్థము ఉన్నదానికంటె తక్కువగాను, పలుచగాను కనుపించునని మనుష్యులపై జరిగిన పరిశోధనములో 2015లో తేలినది. వ్యాధి చేయని నష్టమును చిత్రము చేసి చూపును.

అందుచేత ఏ చిత్రమును ఏ కారణమున తీసివేయుదురో ప్రయోగమునకు ముందే నిర్ణయించుకొనవలెననియు, తీసివేసిన వానిని దాచక ప్రకటింపవలెననియు జంతు ప్రయోగముల నివేదికలకు నియమములున్నవి. ఇవి 2010లో ప్రకటింపబడి 2020లో సవరింపబడినవి. యంత్రము విషయములోను ఒక మంచి అలవాటు పెరుగుచున్నది. ఒకే యంత్రమునకు బదులు, వేఱువేఱుగా నేర్చిన నాలుగైదింటికి అదే చిత్రమునిత్తురు. అన్నియు ఒకే గీత గీసినచో నమ్మవచ్చును. చెవి గుల్ల దగ్గర ఒకటి లోపలికి, ఒకటి వెలుపలికి గీసినచో ఆ చోట సందేహమున్నదని గుర్తు. అట్టివానిని మాత్రమే నిపుణుని కన్నులకు పంపుదురు. ఆ నిపుణునికి ఏ ఎలుక మందు తినినదో, ఏది తినలేదో తెలియనీయరు. తెలిసినచో చేయి తనకు తెలియకయే ఒకవైపునకు మొగ్గును. పంచాయతీలో ఎవరి పొలమో తెలియని వానిచేత గట్టు కొలిపించినట్లు.

కోతులకు సంబంధించి గూడ ఇట్టి ప్రయత్నము జరిగినది. కోతుల చిత్రములు మిక్కిలి కొఱత గనుక, ముందు మనుష్యుల చిత్రములతో నేర్పిన యంత్రమునకు కొద్దిపాటి కోతి చిత్రములను చూపి దిద్దుకొన్నచో పని సాగునని 2021లో చూపిరి. ఎచ్చట ఎక్కువ చిత్రములున్నవో అచ్చట నేర్చిన విద్యను, తక్కువ యున్న చోటికి తెచ్చుకొనుట.

ఇవియన్నియు జరుగుచుండగా, గొట్టములోని ఎలుకకు ఈ లెక్కలేవియు తెలియవు. చిత్రణము ముగిసిన తోడనే మత్తుగాలిని ఆపుదురు. కొద్ది నిమిషములలో అది మీసములు కదల్చి, కాళ్లు కూడదీసికొని లేచును. వెచ్చదనము తగ్గకుండ చూచి బోనునకు చేర్చుదురు. ఆనాటి చిత్రములో చారలు పడినను హద్దు నిలిచినచో, అదే పరీక్షకు మఱునాడు దానిని మరల మత్తులో నుంచవలసిన పని యుండదు. తరువాతి చిత్రము వారము నాటికే.